తీసిన చోట

నార్నౌల్ దాటాక మా అమ్మాయి లారీలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఎనిమిదేళ్లది. తెల్లవారకముందే వైశాలిలో బయల్దేరాం. అప్పటికి అంత్యాక్షరి అయిపోయింది, పులిహోర డబ్బా అయిపోయింది, కిటికీ పక్క సీటు కోసం తమ్ముడితో పోట్లాట కూడా రెండు విడతలు అయిపోయింది. ఎదురొచ్చే లారీలకు ఎడమ చెయ్యి, మాతోపాటు పోయే లారీలకు కుడి చెయ్యి. కాసేపు వేళ్లు మడిచి, విప్పి, మళ్లీ మడిచి అడిగింది.

"అమ్మా, అటునుంచి వచ్చేవన్నీ నిండుగా వస్తున్నాయి. మనతో వచ్చేవన్నీ ఖాళీ. ఎందుకలా?"

నేను ఆవచేలు చూస్తూ కూర్చున్నాను. ఫిబ్రవరిలో ఆ దారి పొడవునా పసుపు ఆరబోసినట్టు ఉంటుంది. అది అడిగాక లారీల వైపు చూశాను. నిజమే. పట్టా కప్పిన కంకర, కంకర, మళ్లీ కంకర. దూరంగా ఆరావళి గుట్టల మొదట్లో క్రషర్లు, వాటి మీద తెల్లటి దుమ్ము. కొండను పొడి చేసి తూర్పుకు పంపుతున్నారు. తూర్పున గుర్‌గావ్, ఢిల్లీ, నోయిడా, ఆ చివర మేము.

"మన ఇళ్లు కట్టడానికి పోతున్నాయమ్మా" అన్నాను.

"మరి వాళ్లకు మనమేం పంపుతున్నాం?"

కారు నడుపుతున్న మా ఆయన అద్దంలోంచి నా వంక చూశారు. ఇద్దరి దగ్గరా జవాబు లేదు. ఒక ఖాళీ లారీ, వెనక గొలుసులు గలగలమంటుండగా, మమ్మల్ని దాటిపోయింది.

బుద్ధుడు నడిచిన వైశాలి బీహార్‌లో ఉంది. మేముండే వైశాలి ఢిల్లీ పొలిమేరలో, గాజియాబాద్‌లో ఉంది. మెట్రోలో మా ముందు స్టేషను కౌశాంబి. రెండూ బుద్ధుడి కాలపు మహానగరాల పేర్లే. పేర్లు పాతవి, ఊళ్లు కొత్తవి. మా నాన్న మొదటిసారి వచ్చినప్పుడు బాల్కనీలో నిలబడి, ఎటు చూసినా లేస్తున్న టవర్లను చాలాసేపు చూసి, "ఇంత సామాను ఏడికెల్లి తెస్తున్నరు బిడ్డా?" అన్నారు. మా ఇంటికి వచ్చినవాళ్లు అద్దె ఎంత అని అడుగుతారు, మెట్రో ఎంత దూరం అని అడుగుతారు. ఆ ప్రశ్న అడిగింది మాత్రం ఆయనొక్కరే.

ఇక్కడి మేస్త్రీలు సన్న ఇసుకను యమునా అంటారు, ముతక ఎర్ర ఇసుకను బదర్‌పూర్ అంటారు. బదర్‌పూర్ ఢిల్లీ దక్షిణ కొసన ఉన్న ఊరు. అటువైపు భాటీలో ఆరావళి గుట్టలను తవ్వి ఆ ఇసుక తెచ్చేవారు. 1990ల మొదట్లో అక్కడ తవ్వకం ఆపేశారు. ఇప్పుడది అసోలా–భాటీ అభయారణ్యం. పాత గుంతల్లో నీళ్లు నిలిచి నీలంగా కనపడతాయి. 2002లో సుప్రీంకోర్టు హర్యానా వైపు ఆరావళిలోనూ తవ్వకాలు ఆపమంది. గుంతలు మూతపడ్డాయి గాని మాట పోలేదు. రెండు బస్తాల సిమెంటుకు ఎన్ని తట్టల బదర్‌పూర్ అని మేస్త్రీలు ఇప్పటికీ లెక్క చెప్పుకుంటూ ఉంటారు, అది ఒక ఊరి పేరన్న తలంపే లేకుండా.

నాన్నది ఇల్లందు. మా వైపు గని అనరు, బాయి అంటారు. బాయికి పోయిండు, బాయిల ఉన్నడు, బాయి మీదికెల్లి వచ్చిండు. చిన్నప్పుడు నాకు నీళ్ల బావికీ బొగ్గు బాయికీ తేడా తెలిసేది కాదు. రెండింట్లోనూ చీకటే, రెండింట్లోకీ తొంగి చూడొద్దనే అమ్మ కేకలేసేది. ఇల్లందులో బొగ్గుందని 1871లో జియలాజికల్ సర్వే మనిషి విలియం కింగ్ తేల్చాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వుకునే హక్కు తీసుకుంది, 1889లో బొగ్గు తియ్యడం మొదలైంది, 1920 డిసెంబరు 23న అది సింగరేణి కాలరీస్ అయింది. పక్క ఊరి పేరు కంపెనీకి వెళ్లింది. కంపెనీ గోదావరి లోయ పొడుగునా పాకింది. మా ఊరు మాత్రం పెద్దకొడుకును పట్నం పంపిన ఇల్లులా వెనకే ఉండిపోయింది. పాతవాళ్లకు అది ఇప్పటికీ బొగ్గుట్టే.

అమ్మాయి బడిలో అమ్మమ్మ తాతయ్యల గురించి రాసుకు రమ్మన్నారు. తాతయ్య ఏం పని చేసేవారు అన్నచోట "బొగ్గు తీసేవారు" అని రాసింది. ఫోనులో చదివి వినిపిస్తే నాన్న ఒప్పుకోలేదు.

"నేను తియ్యలే బిడ్డా. నింపిన."

బాయిలో నింపడం అంటే మామూలుగా కోల్ ఫిల్లర్ గుర్తొస్తాడు. తట్టా చెమ్మస్ పట్టుకుని టబ్బులోకి బొగ్గు ఎత్తేవాడు. నాన్నది ఆ నింపుడు కాదు. ఆయన స్టోవింగ్ మనిషి. బొగ్గు తీసేశాక లోపల గదంత ఖాళీ మిగులుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే కప్పు కూలుతుంది. కప్పు కూలితే దాని పైది, దాని పైది, చివరికి నేల కుంగుతుంది. పైన అడవి అయితే కూలనిచ్చే పద్ధతి ఒకటుంది. పైన ఊరున్నా, వాగున్నా, రైలు పట్టాలున్నా నింపి తీరాలి. ఆ ఖాళీకి అడ్డంగా తడికెలు కట్టి, పైనుంచి పైపుల్లో నీళ్లు కలిపిన ఇసుక వదులుతారు. నీళ్లు తడికె సందుల్లోంచి కారిపోతాయి, ఇసుక ఆగుతుంది. మర్నాటికి గట్టిపడుతుంది. అప్పుడు పక్క గది. ముప్పై ఏళ్లకు పైగా నాన్న చేసింది అదే. షిఫ్టు దిగి ఇంటికొస్తే బొగ్గు మసితో పాటు ఆయన చెవుల్లో, జేబుల్లో, చెప్పుల్లో ఇసుక ఉండేది. మా వాడకట్టులో మిగతా పిల్లల నాన్నలు నల్లగా వచ్చేవారు, మా నాన్న నలుపు మీద తెల్లటి చారలతో వచ్చేవారు.

నా చిన్నతనంలో సింగరేణి అంటే టన్నుల లెక్కే. ఈ నెల ఇన్ని టన్నులు, ఈ ఏడు ఇన్ని లక్షల టన్నులు. తీసినదానికి బోర్డు మీద అంకె పడేది. నింపినదాని అంకె ఏదీ మా పిల్లల కంట పడలేదు. నింపిన పని బాగా జరిగిందనడానికి రుజువు ఒక్కటే: పైన ఏమీ జరగకపోవడం. గోడ పగలదు, బావి ఎండదు, రైలు పోతుంది. ఎవరూ గమనించరు. అలాంటి పనిని పిల్లకు ఫోనులో ఎలా చెప్పను? బాయి ఉన్న ఊరు ఒకటి కళ్లతో చూపిద్దామనుకున్నాను. ఇల్లందు ఇక్కడికి పదిహేను వందల కిలోమీటర్ల పైమాట. వారాంతంలో పోయి రాగలిగిన దూరంలో ఉన్నది ఖేత్రీ. రాజస్థాన్‌లో ఝుంఝునూ జిల్లా, ఇంటి నుంచి సుమారు 200 కిలోమీటర్లు. బొగ్గు కాదు, రాగి.

మా ఆయనకు ఆ పేరు ముందే తెలుసు. వారిది వినుకొండ వైపు. అక్కడి అగ్నిగుండాలలో రాగి తవ్విందీ, ఖేత్రీలో రాగి తవ్వుతున్నదీ ఒకటే సంస్థ, 1967లో పెట్టిన హిందుస్తాన్ కాపర్. అలా ఇద్దరి ఊళ్లూ కలిసిన దారి అది.

సింఘానా దాటి ఖేత్రీనగర్ చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. గని లోపలికి బయటివాళ్లను పంపరు, పిల్లలను అసలే పంపరు. అది తెలిసే వెళ్లాం. చూడగలిగింది పైన ఉన్నదే: వరసలు వరసలుగా క్వార్టర్లు, వేపచెట్లు, గుట్ట మీద గని చక్రాల గోపురం, పొగ లేని పొడుగాటి చిమ్నీలు. ఏటా 31 వేల టన్నుల రాగి తియ్యగల కొలిమి 1970ల నడుమ ఇక్కడ వెలిగింది, 2008లో ఆగింది. గనులు ఆగలేదు. రాయిని తవ్వి, పొడి చేసి, రాగి ఎక్కువున్న పొడిని వేరుచేసి బయటికి పంపుతున్నారు. కరిగించే పని ఇక్కడ లేదు.

క్వార్టర్లు చూసి నా కాళ్లు ఆగిపోయాయి. ఇల్లందులో మేముండిన ఇల్లే. అదే ముందు వసారా, అదే జాలీ కిటికీ, గోడ మీద అదే నంబరు రాసే తీరు. కొన్నింటి ముందు తులసికోట, ఆరేసిన బట్టలు. కొన్నింటికి తలుపులు లేవు, లోపలినుంచి రావిమొక్క బయటికి వస్తోంది. తలుపు లేని ఒక ఇంట్లోకి మా అబ్బాయి పరుగెత్తబోతే పట్టుకుని ఆపాను. ఐదేళ్లవాడు. "ఇక్కడి వాళ్లు ఊరెళ్లారా?" అన్నాడు. అవునన్నాను. అబద్ధం కాదు.

టీ కొట్టు ఆయన తండ్రి ఆ కొలిమి కట్టేటప్పుడు కూలికి వచ్చారట. పిల్లలు ఏం చూడ్డానికి వచ్చారని అడిగి, చెప్పాక కాసేపు నవ్వలేదు, మాట్లాడలేదు. తర్వాత గుట్టవైపు దారి చూపించి, బండ మీద పచ్చరంగు ఎక్కడ బాగా కనపడుతుందో చెప్పారు. పిల్లలకిచ్చిన పాలకు డబ్బు తీసుకోలేదు.

ఆ పచ్చరంగు చూడాల్సిందే. గోధుమరంగు బండ మీద ఎవరో నెమలికంఠం రంగు పులిమి చేత్తో తుడిచినట్టుంది. రాగికి గాలీ నీరూ తగిలితే వచ్చే రంగు. వేల ఏళ్ల కిందట ఈ గుట్టల్లో తిరిగిన మనిషికి లోపల ఏముందో చెప్పింది ఆ మరకే. ఇక్కడికి దక్షిణాన నీమ్ కా ఠానా దగ్గర గణేశ్వర్‌లో తవ్వితే రాగి బాణపు ములుకులు, గొడ్డళ్లు, చేపల గాలాలు వందల కొద్దీ దొరికాయి. హరప్పా ఊళ్లకు రాగి చాలామటుకు ఈ గుట్టలనుంచే వెళ్లిందని పురావస్తు పరిశోధకులు అంటారు. అక్బరు నాటి ‘ఐన్-ఇ-అక్బరీ’లో సింఘానా రాగి గనుల ప్రస్తావన ఉంది. మన రైతులు సున్నంతో కలిపి నిమ్మచెట్లకు కొట్టే మైలుతుత్తం కూడా ఒకప్పుడు ఖేత్రీలో తయారయ్యేది. ఇక్కడి రాతిలోనే దొరికే సేహ్తా అనే కోబాల్టు ఖనిజంతో జైపూరు మీనాపనివాళ్లు నగల మీద నీలం పూసేవారు. ఈ ఊరు లోకానికి ఆయుధాలిచ్చింది, నాణేలిచ్చింది, మందిచ్చింది, రంగిచ్చింది. తన దగ్గర ఉంచుకున్నది చిట్టెం. పాత కొలిముల నల్లటి చిట్టెం ఈ చుట్టుపక్కల గుట్టలుగా పడి ఉంది.

అమ్మాయికి ఇంకో లెక్క దొరికింది. ఈ రాయి నూరు కిలోలు తవ్వితే వచ్చే రాగి ఒక కిలో, కాస్త అటూ ఇటూ. "మిగతా తొంభైతొమ్మిది?" దూరంగా బూడిదరంగు మట్టికట్టలా ఉన్నదాన్ని చూపించాను. దాన్ని మొదట కొండనుకుంది.

అబ్బాయి ఆలోచన వేరు. బండకు చెవి ఆనించి నిలబడ్డాడు. "లోపల అంతా ఖాళీ అయితే ఇది పడిపోదా?"

తాతయ్యను అడగమని ఫోను కలిపి ఇచ్చాను. నాన్న వెంటనే జవాబు చెప్పలేదు. ఎదురు ప్రశ్న వేశారు.

"రాయి గట్టిదారా, మెత్తదా? ఒకటి తీసుకొని కొట్టి చూడు."

వాడు చిన్నరాయి తీసుకుని బండమీద కొట్టాడు. ఆ చప్పుడు ఫోనులోంచి అటు వెళ్లింది.

"గట్టిదే. నిలబడ్తది. నడుమ కంబాలు ఇడిసిపెడ్తరు. బొగ్గట్ల కాదు, మెత్తది. గందుకే మేం నింపేది."

ఒక రాయి చప్పుడు విని పదిహేను వందల కిలోమీటర్ల అవతలినుంచి కప్పు నిలుస్తుందో లేదో చెప్పిన మనిషిని మా అబ్బాయి ఆ రోజంతా తలుచుకున్నాడు. నాన్న సరిగ్గానే చెప్పారు. ఖేత్రీలో గట్టిరాయి, స్తంభాలు వదిలి తవ్వే పద్ధతి. తర్వాత ఫోను నాకిమ్మన్నారు.

"అక్కడ్నే గద బిడ్డా లిఫ్టు తెగింది?"

అక్కడే. 2024 మే 14 రాత్రి, కొలిహాన్ గనిలో. 15 మంది లోపల చిక్కుకున్నారు. మర్నాడు 14 మందిని పైకి తెచ్చారు. ఒకరు ప్రాణాలతో రాలేదు. ఆ రాత్రి నాన్న టీవీ ముందునుంచి లేవలేదని అప్పట్లో అమ్మ చెప్పింది. ఇద్దరు బయటికొచ్చారు అంటే ఇద్దరని, ముగ్గురంటే ముగ్గురని వేళ్లు మడుచుకుంటూ కూర్చున్నారట. ఆయనకు అందులో ఎవరూ తెలియదు. ఆ భాష కూడా తెలియదు.

ఖేత్రీ గనుల్లో లెవెళ్ల పేర్లు సముద్రమట్టం నుంచి లెక్క. బాగా లోతుకు దిగితే సున్నా లెవెల్ వస్తుంది, అంటే సముద్రమట్టంతో సమానమైన ఎత్తు. నేను పిల్లలకు అది చెప్పాను. ఎడారి అంచున, చుట్టూ ఇసుక దిబ్బలూ ఖేజ్రీ చెట్లూ ఉండగా, కాళ్ల కింద ఎక్కడో లోతున సముద్రమట్టం ఉందనీ, అక్కడ ఆ క్షణాన నెత్తిన దీపం పెట్టుకుని మనుషులు పని చేస్తున్నారనీ. అమ్మాయి మెల్లగా అడుగులు వెయ్యడం మొదలుపెట్టింది. ఎవరి తలమీదో నడుస్తున్నట్టు.

ఖేత్రీ పాత ఊళ్లో రాజా అజిత్ సింగ్ భవనం కూడా చూశాం. 1893లో వివేకానందుడి అమెరికా ప్రయాణానికి అండగా నిలిచినవారు ఆయనే, ఇప్పుడది రామకృష్ణ మిషన్ చేతిలో ఉంది. పిల్లలు అలిసిపోయారు. త్వరగానే బయటపడ్డాం.

తిరుగుదారిలో చీకటి పడింది. ఇప్పుడు నిండు లారీలు మాతోపాటు వస్తున్నాయి, ఖాళీవి ఎదురొస్తున్నాయి. పిల్లలిద్దరూ నిద్రపోయారు. నాకు మాత్రం పొద్దుటి ప్రశ్న మళ్లీ వచ్చింది. నాన్న నింపిన ఇసుక కూడా ఎక్కడినుంచో తెచ్చిందే. ఏటి ఇసుక. ఒక ఖాళీని పూడ్చడానికి ఒక ఏటిని ఖాళీ చేశారు. ఈ మాట నేను కాలేజీలో ఉన్నప్పుడు ఒకసారి నాన్నతో అన్నాను, తెలివైన మాట అనుకుని. నాన్న కోపగించుకోలేదు. "ఏరు వానకు మళ్ల తెచ్చుకుంటది. బొగ్గు తెచ్చుకోదు. మా నెత్తిమీద కప్పు అస్సలు తెచ్చుకోదు" అన్నారు. ఆ రోజుల్లో ఏరు తెచ్చుకునేది కూడా. ఈ రోజుల్లో ఏటికి ఆ తీరికా ఇవ్వడం లేదు మనం. తియ్యడం ఇంత వేగంగా నేర్చుకున్న మనం నింపడం మాత్రం ఒక షిఫ్టు మనుషులకు అప్పగించి మరిచిపోయాం. నాకు బాధగా ఉండేది అదే. గనులు వద్దని నేను అనలేను. ఆ జీతంతోనే చదువుకున్నాను, ఆ రాగితోనే మా ఇంట్లో ఫ్యాను తిరుగుతుంది. మాకు దగ్గరున్న దాద్రి విద్యుత్ కేంద్రానికి ఝార్ఖండ్ నుంచి రైళ్ల మీద బొగ్గు వస్తుంది. గోడలో తీగ ఖేత్రీ లాంటి ఊరిది, అందులో పరుగెత్తేది ఇల్లందు లాంటి ఊరిది. ఇంటికి చేరి లైటు వేసినప్పుడు నా చెయ్యి స్విచ్చి మీద ఒక్క క్షణం ఆగింది.

అమ్మాయి ఆ కాగితంలో "బొగ్గు తీసేవారు" కొట్టేసి "భూమిని నింపేవారు" అని రాసింది. టీచరు పక్కన ప్రశ్నార్థకం పెట్టి పంపారు. రెండో కాగితం తీసుకుని, తడికెలూ పైపులూ గీసి, కింద ఇల్లందు అని రాసి పట్టుకెళ్లింది.

తర్వాతి ఆదివారం మా టవర్ వెనక, కొత్తగా లేస్తున్న గోడ పక్కన బదర్‌పూర్ కుప్ప పోశారు. సాయంత్రం కూలీలు వెళ్లిపోయాక అబ్బాయి అక్కడ కూర్చుని రెండు ఇటుకల కింద సొరంగం తవ్వాడు. ఐస్‌క్రీం పుల్లలు నిలువుగా గుచ్చి తడికె కట్టాడు. మగ్గులో ఇసుకా నీళ్లూ కలిపి, పగిలిన పైపుముక్కలోంచి లోపలికి పోస్తున్నాడు. నేను నాన్నకు వీడియో కాల్ చేసి ఫోను అటు తిప్పాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, ముఖం తెరకు దగ్గరగా పెట్టి చూశారు. పుల్లల మధ్యనుంచి ఎర్రటి నీళ్లు కారుతున్నాయి, వాటితోపాటు ఇసుక కూడా కొంచెం కొంచెం జారిపోతోంది.

"నీళ్లు ఎక్కువైనయి" అన్నారు నాన్న. "తగ్గియ్యిరా. నిమ్మలంగా పొయ్యి."